వానలో, పొగమంచులో నీలగిరి ఆవిరి బండిని ఫోటో తీయడం ఎలా?

ఊటీ టికెట్లు బుక్ అయ్యాక వాతావరణం చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ రోజూ వాన అంటున్నారు, ఆవిరి బండి ఫోటోలు వస్తాయా?" వస్తాయి. ఎండ రోజున వచ్చేవాటికంటే బాగా వస్తాయి. చలికాలం పొద్దున ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు వంటిల్లంతా తెల్లగా కమ్ముకుంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం అంత కనిపించదు. ఇంజన్ వదిలే ఆవిరీ అంతే. గాలి చల్లగా, తేమగా ఉన్నప్పుడే అది చిక్కగా కనిపించి కాసేపు నిలుస్తుంది. కాబట్టి వాన పడుతోందని కెమెరా బ్యాగులో దాచుకోకండి. వాన వల్ల వచ్చే ఇబ్బందులు ఏమిటో ముందే తెలుసుకుని, వాటికి సిద్ధపడి వెళ్లండి.

ఈ బండి గురించి తెలియకపోతే ఫోటోలు తప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది, రోజువారీ బండికి ఆవిరి ఇంజన్ ఉండేది కొండ కింది మేట్టుపాళయం నుంచి దారి మధ్యలోని కూనూరు వరకే. కూనూరు నుంచి ఊటీ దాకా డీజిల్ ఇంజన్ లాగుతుంది. ఊటీలో ఎక్కి కూనూరులో దిగిపోయి "ఆవిరి ఇంజన్ ఏదీ?" అని నిరాశపడేవాళ్లు ఎందరో. రెండోది ఇంకా ముఖ్యం. కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ ముందు ఉండదు. వెనక నుంచి, అంటే పల్లం వైపు నుంచి పెట్టెలను నెడుతుంది. పైనుంచి ఎదురుచూసే మీకు ముందు కనిపించేది పెట్టె, దాని ముందు వసారాలో నిలబడి జెండా పట్టుకున్న బ్రేక్స్‌మన్. ఇంజన్ చివర్లో వస్తుంది. మూడోది, కొండ మొదట్లోని కల్లార్ స్టేషన్ దాటాక రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనుప కడ్డీలు మొదలవుతాయి. ఇంజన్ పళ్లచక్రం వాటిని పట్టుకుని దాదాపు 12 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతుంది. అక్కడ వేగం గంటకు 13 కి.మీ. మించదు. ఫోటో తీసేవాళ్లకు ఇంతకంటే మంచి వార్త ఉండదు, ఎందుకంటే మబ్బు వెలుతురులో కూడా షట్టర్ వేగం తగ్గించుకోవచ్చు.

ఏమేం కావాలి

- కెమెరా లేదా మంచి ఫోన్. కెమెరా అయితే 24-70 మి.మీ. లాంటి జూమ్ లెన్స్ ఒక్కటి చాలు. 70-200 ఉంటే తీసుకెళ్లండి గానీ, చిక్కటి మంచులో దానితో పెద్దగా పని ఉండదు.
- లెన్స్ హుడ్, అంటే లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి తొడుగు. వానలో ఇది తప్పనిసరి.
- కెమెరాకు రెయిన్ కవర్. లేకపోతే హోటల్ గదిలో ఇచ్చే షవర్ క్యాప్, లేదా మందమైన పాలిథిన్ కవర్‌కు లెన్స్ పట్టేంత రంధ్రం చేసి రబ్బర్ బ్యాండ్ వేస్తే సరిపోతుంది.
- లెన్స్ తుడిచే మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం మూడు, విడివిడి జిప్ కవర్లలో. ఒకటి తడిస్తే ఇంకొకటి. కెమెరా బాడీ తుడవడానికి పాత నూలు తువ్వాలు.
- అదనపు బ్యాటరీ. చలిలో త్వరగా దిగిపోతుంది. లోపలి జేబులో, ఒంటికి ఆనుకునేలా పెట్టుకోండి.
- గొడుగు కాదు, రెయిన్‌కోట్. గొడుగు పట్టుకుంటే కెమెరాకు ఒక్క చెయ్యే మిగులుతుంది. పైగా పక్కవాళ్ల ఫ్రేములన్నిటిలో మీ గొడుగే ఉంటుంది.
- పొడవు మేజోళ్లు, కాస్త ఉప్పు. వానాకాలంలో ఆ కొండల గడ్డిలో జలగలు ఉంటాయి.

1. తేదీని, బండిని సరిగ్గా ఎంచుకోండి

మేట్టుపాళయం నుంచి కూనూరు వరకున్న కొండ నీలగిరికి తూర్పు వైపు ఉంది. అక్కడ గట్టి వానలు పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడు, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. ఆవిరికి అది మంచి కాలమే. కానీ కొండచరియలు విరిగిపడి పట్టాలు మూసుకుపోవడం, బండ్లు రద్దు కావడం కూడా అప్పుడే ఎక్కువ. ఒక్క రోజు మీదే మొత్తం ఆశ పెట్టుకోకండి. మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. బయలుదేరే ముందు రాత్రి బండి నడుస్తోందో లేదో చూసుకోండి. భారీ వర్ష హెచ్చరిక ఉన్న రోజున ఘాట్ రోడ్డు మీద ఫోటోల కోసం తిరగవద్దు.

పైకి వెళ్లే బండినే ఎంచుకోండి. మేట్టుపాళయంలో ఉదయం 7:10కి బయలుదేరుతుందని చాలా ఏళ్లుగా టైమ్‌టేబుల్‌లో ఉంది. అయినా మీ తేదీకి ఒకసారి సరిచూసుకోండి. ఎక్కేటప్పుడు ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తుంది కాబట్టి ఆవిరి, పొగ, చప్పుడు అన్నీ దండిగా ఉంటాయి. మధ్యాహ్నం కిందికి దిగే బండిలో ఇంజన్ పని ఎక్కువగా బరువును ఆపడమే. ఇంజన్ ముందుంటుంది గానీ ఆవిరి అంతగా రాదు. ఫోటోలో ఇంజన్ ముందు కనిపించాలన్నదే మీ కోరిక అయితే దిగే బండికి వెళ్లండి, ఆవిరి తగ్గుతుందని తెలిసే వెళ్లండి.

తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు కోయంబత్తూరులో దిగి, ముందు రోజు సాయంత్రానికే మేట్టుపాళయం చేరడం నయం. చెన్నై నుంచి రాత్రి బండి నీలగిరి ఎక్స్‌ప్రెస్ నేరుగా మేట్టుపాళయం వస్తుంది గానీ, అది ఆలస్యమైతే స్టేషన్‌లో ఇంజన్‌ను తీరిగ్గా తీసే సమయం పోతుంది.

2. రాత్రే కెమెరాను బయటి గాలికి అలవాటు చేయండి

మేట్టుపాళయం మైదానంలో ఉంది, గాలి తేమగా ఉంటుంది. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను తెల్లవారి బయటికి తీస్తే లెన్స్ మీద ఒక్కసారిగా ఆవిరి పట్టేస్తుంది. తుడిస్తే పోయి మళ్లీ వస్తుంది. అది పోయేలోపు బండి వెళ్లిపోతుంది. కెమెరా బ్యాగును ఏసీ లేని చోట పెట్టండి. అలాంటి చోటు లేకపోతే బయలుదేరడానికి కనీసం ముప్పావుగంట ముందు ఏసీ ఆపేసి కిటికీ తెరవండి. కారులో వెళ్లేటప్పుడు కూడా ఏసీ వద్దు.

ఆవిరి పట్టాక లెన్స్‌ను కెమెరా నుంచి విప్పకండి. లోపల సెన్సర్ మీద కూడా పడుతుంది.

3. స్టేషన్‌లో మొదలుపెట్టండి

కనీసం గంట ముందు చేరండి. ప్లాట్‌ఫారం కప్పు కింద నిలబడి వాన తగలకుండా తీయొచ్చు. తడిసిన ప్లాట్‌ఫారం మీద దీపాల వెలుగు మెరుస్తుంది, ఇంజన్ చుట్టూ ఆవిరి కమ్ముకుని ఉంటుంది. తెల్లవారని వెలుతురులో మంచి చిత్రాలు ఇక్కడే దొరుకుతాయి. వంగి కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే నీటి మడుగులో ఇంజన్ ప్రతిబింబం కూడా ఫ్రేములోకి వస్తుంది.

ఇంజన్ సిబ్బందిని ఫోటో తీసే ముందు అడగండి. పని ఒత్తిడిలో ఉంటారు, అయినా మర్యాదగా అడిగితే చాలామంది సరేనంటారు. వద్దంటే అక్కడితో వదిలేయండి. షెడ్డులోకి అనుమతి లేకుండా వెళ్లవద్దు.

4. బయట నిలబడే చోటు

పట్టాల మీద, పట్టాల పక్కన నడవకండి. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైలు మార్గంలోకి వెళ్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, కల్లార్ చుట్టుపక్కల ఏనుగులు తిరిగే అడవి. మంచులో ఏనుగు పది గజాల దూరంలో ఉన్నా కనబడకపోవచ్చు. స్టేషన్ ప్లాట్‌ఫారాలు, గేట్లు, జనం తిరిగే రోడ్డు అంచులు, వీటికే పరిమితం కండి.

తరవాత చూడాల్సింది గాలి. జేబురుమాలు పైకి పట్టుకుని గాలి ఎటునుంచి వస్తోందో గమనించండి. గాలి వచ్చే వైపే మీరు నిలబడాలి. అప్పుడు ఆవిరి మీకు అవతలికి పోతుంది, ఇంజన్ స్పష్టంగా కనిపిస్తుంది. గాలి పోయే వైపు నిలబడితే మాత్రం బండి మొత్తం తెల్లటి తెర వెనక దాక్కుంటుంది. వానలో బాగా రాని ఫోటోల్లో సగం ఈ ఒక్క కారణంతోనే పోతాయని నా అభిప్రాయం.

మంచు చిక్కగా ఉంటే దగ్గరికి రండి. దూరం నుంచి జూమ్ చేస్తే మీకూ బండికీ మధ్య ఉన్న మంచంతా ఫోటోలోకి వస్తుంది, ఇంజన్ బూడిదరంగు మరకలా మిగులుతుంది. ప్లాట్‌ఫారం మీద సురక్షితమైన దూరంలో ఉండి 24 లేదా 35 మి.మీ. దగ్గర తీస్తే ఇంజన్ నల్లగా, గట్టిగా వస్తుంది. వెనకనున్న చెట్లు మాత్రం మంచులో కరిగిపోతాయి. మనకు కావాల్సింది అదే.

5. సెట్టింగులు

ఇవి మొదలుపెట్టడానికి. వెలుతురును బట్టి మార్చుకోండి.

- రా ఫైల్, అంటే కెమెరా మార్పులేవీ చేయకుండా దాచే ఫైల్. జేపీజీ ఒక్కటే అయితే తెల్లటి ఆవిరిని తర్వాత సరిచేయడం కష్టం.
- అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/4 లేదా ఎఫ్/5.6.
- షట్టర్: పళ్ల కడ్డీలున్న ఘాట్ మీద 1/250 చాలు. మేట్టుపాళయం నుంచి కల్లార్ దాకా సుమారు 8 కి.మీ. మామూలు పట్టాలు, అక్కడ వేగం గంటకు 30 కి.మీ. వరకు ఉండొచ్చు కాబట్టి 1/500.
- వాన చినుకులు గీతల్లా కనిపించాలంటే 1/60 నుంచి 1/125. వెనక ముదురు రంగు ఉంటేనే గీతలు కనిపిస్తాయి. తెల్లటి మంచు ముందు కనిపించవు.
- ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 800 నుంచి 3200. నాయిస్, అంటే ఫోటోలో గరుకు చుక్కల గురించి టెన్షన్ పడకండి. కదిలిపోయిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు, నాయిస్‌ను తగ్గించవచ్చు.
- వైట్ బ్యాలెన్స్ ఆటో వద్దు, క్లౌడీ మీద ఉంచండి. ఆటోలో ఒక ఫ్రేము నీలంగా, ఇంకొకటి పచ్చగా వస్తుంది.
- ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి. చినుకులూ మంచూ మెరిసి ఫ్రేమంతా తెల్ల చుక్కలవుతుంది. అంతకంటే ముఖ్యంగా, డ్రైవర్, బ్రేక్స్‌మన్ కళ్లు చెదురుతాయి. అది ప్రమాదం.

6. ఎక్స్‌పోజర్: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

కెమెరా మీటర్ అన్నిటినీ ఒక మోస్తరు బూడిదరంగుగా చూపాలని చూస్తుంది. ఫ్రేమంతా తెల్లటి మంచు ఉంటే చీకటి చేస్తుంది. ఫ్రేము నిండా నల్లటి ఇంజన్ ఉంటే వెలుగు పెంచుతుంది, అప్పుడు ఆవిరి కాగితంలా తెల్లగా అయిపోతుంది. బండి దగ్గరికి వచ్చేకొద్దీ మంచు తగ్గి ఇంజన్ పెరుగుతుంది కాబట్టి ఒకే వరసలో ఈ రెండు తప్పులూ జరుగుతాయి.

దీనికి మందు మాన్యువల్ మోడ్. బండి రాకముందే, అదే వెలుతురులో ఉన్న పచ్చగడ్డి మీద మీటర్ చూసి ఎక్స్‌పోజర్ పెట్టుకోండి. తడి ఆకుల మెరుపు మీద కాదు, మెరవని గడ్డి మీద. అక్కడి నుంచి మూడింట రెండొంతుల స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది). ఆవిరికి ఆ చోటు కావాలి. ఇక బండి వచ్చి వెళ్లేదాకా మార్చకండి.

మాన్యువల్ ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి: అపర్చర్ మోడ్‌లో, దూరంగా మంచు ఎక్కువగా ఉన్నప్పుడు ప్లస్ 0.7, ఇంజన్ ఫ్రేము నిండినప్పుడు మైనస్ 0.7. మధ్యలో మార్చడం మరిచిపోయే అవకాశం ఎక్కువ, అందుకే నేను మాన్యువల్‌నే సిఫారసు చేస్తాను.

ఆవిరి తెలుపు, పొగ నలుపు. రెండూ ఒకేసారి వస్తే తెలుపును కాపాడండి. నలుపును తర్వాత పైకి తేవచ్చు.

7. ఫోకస్

మంచులో ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుకుతూనే ఉంటుంది. అందుకని ఇంజన్ ఎక్కడికి వచ్చినప్పుడు తీయాలో ముందే అనుకోండి. ఆ చోట పట్టాల కింద ఉన్న స్లీపర్ దిమ్మ మీదో, ప్లాట్‌ఫారం అంచు మీదో ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి. ఆటోలోనే తీయాలనుకుంటే ఒకే పాయింట్ పెట్టి, గీతలు పదునుగా ఉన్న చోట ఉంచండి. ఇంజన్ నంబర్ ప్లేటు, దీపం చుట్టూ ఉన్న వలయం అందుకు మంచివి. ఆవిరి మీద ఎప్పుడూ వద్దు.

8. ఎప్పుడు నొక్కాలి

బండి బయలుదేరే క్షణం కోసం కాచుకుని ఉండండి. ఆగి ఉన్నప్పుడు సిలిండర్లలో చేరిన నీటిని వదలడానికి డ్రైవర్ కింది కాక్‌లు (నీరు వదిలే కుళాయిలు) తెరిస్తే ఇంజన్ రెండు పక్కలా ఆవిరి బుస్సుమని చిమ్ముతుంది. అది కొన్ని క్షణాలే. ముందు విజిల్ వినిపిస్తుంది, అప్పుడే వేలు బటన్ మీద ఉండాలి. దారిలోని హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో నీళ్లు పట్టుకోవడానికి బండి ఆగుతుంది. మళ్లీ కదిలే సమయం ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు. చుట్టూ అడవి, చల్లగాలి, అప్పటికే చాలా ఎత్తుకు వచ్చేసి ఉంటారు. కాఫీ తాగడానికి దిగినవాళ్లు ముందు ఫోటో తీసి, తర్వాత కాఫీ సంగతి చూడండి. అయితే బండి కదలకముందే ఎక్కాలి, కదిలే బండి ఎక్కే ప్రయత్నం చేయవద్దు.

వరసగా బరస్ట్ నొక్కి వదిలేయకండి. రెండు మూడు ఫ్రేములు తీసి, ఆవిరి ఆకారం మారాక మళ్లీ రెండు మూడు తీయండి. కెమెరా తాత్కాలిక మెమరీ (బఫర్) నిండిపోయి అసలు క్షణంలో కెమెరా మొరాయిస్తే బాధగా ఉంటుంది.

బండిలో కూర్చున్నవాళ్లు ఇంజన్‌కు దగ్గరి పెట్టెలో సీటు దొరికితే వదలకండి. కొండ ఎక్కేటప్పుడు ఆఖరి పెట్టె అది. మలుపుల దగ్గర ముందు పెట్టెలు వంపు తిరగడం కనిపిస్తుంది, ఇంజన్ శబ్దం వీపు వెనకే ఉంటుంది. దారిలో 16 సొరంగాలున్నాయి, గోడలు చాలా దగ్గర. చెయ్యి, తల, సెల్ఫీ స్టిక్ ఏదీ కిటికీ బయట పెట్టకండి.

9. ఫోన్‌తో తీసేవాళ్లకు

ప్రతి నాలుగైదు ఫోటోలకు లెన్స్ తుడవండి. తడి వేలి గుర్తు పడితే దీపం చుట్టూ పెద్ద వలయం వస్తుంది, అది మంచు అనుకుని పొరబడతారు. ఇంజన్ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగును కొంచెం కిందికి జరపండి. కదిలే ఇంజన్‌కు నైట్ మోడ్ వద్దు, చక్రాలు రెండు రెండుగా వస్తాయి. డిజిటల్ జూమ్ వద్దు. తడి తెర వేలి స్పర్శను సరిగ్గా గుర్తించదు కాబట్టి వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసేలా ముందే పెట్టుకోండి.

10. అక్కడికక్కడే సరిచూసుకోండి

బండి వెళ్లాక ఇంటికొచ్చి చూస్తే ప్రయోజనం లేదు. ఆగిన ప్రతి స్టేషన్‌లో ఈ పరీక్షలు చేయండి.

- మరీ తెల్లబడిన భాగాలు మినుకుమనేలా చూపే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి చూడండి. ఆవిరిలో పెద్ద భాగం మినుకుమంటే ఎక్స్‌పోజర్ ఇంకా తగ్గించాలి. ఇంజన్ దీపం మినుకుమంటే పట్టించుకోనక్కర్లేదు.
- హిస్టోగ్రామ్ (ఫోటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) మొత్తం మధ్యలో ఒక గుట్టలా ఉంటే మంచు ఎక్కువైంది, ఇంకా దగ్గరికి వెళ్లాలి.
- నంబర్ ప్లేటు వంద శాతం పెద్దది చేసి చదవండి. అంకెలు చదవగలిగితే ఫోకస్ బాగుంది. అంకెలు పక్కకు సాగినట్టుంటే షట్టర్ తక్కువైంది. అన్ని వైపులా మసకగా ఉంటే ఫోకస్ తప్పింది, లేదా లెన్స్ మీద తడి ఉంది.
- అపర్చర్ ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీయండి. గుండ్రటి మసక మచ్చలు కనిపిస్తే అవి లెన్స్ ముందు చినుకులు. మామూలు అపర్చర్‌లో ఇవి కళ్లకు తెలియకుండానే ఫోటోను చెడగొడతాయి.

తుడిచేటప్పుడు రుద్దకండి. ముందు గట్టిగా ఊది, గుడ్డతో అద్దినట్టు తీయండి. ఇంజన్ దగ్గర మసి రేణువులుంటాయి, రుద్దితే గీతలు పడతాయి. ఫోటోకూ ఫోటోకూ మధ్య లెన్స్‌ను నేలవైపు తిప్పి ఉంచండి.

11. ఎడిటింగ్‌లో రెండు పొరపాట్లు

మొదటిది డీహేజ్, అంటే మసక తగ్గించే స్లైడర్. మంచు పూర్తిగా తీసేయాలని ఆ స్లైడర్‌ను చివరిదాకా లాగుతారు. ఇంజన్ చుట్టూ నల్లటి అంచులు, ఆకాశంలో మురికి మచ్చలు వస్తాయి, వానలో నిలబడి సంపాదించిందంతా పోతుంది. ఇంజన్ భాగాన్ని మాత్రమే ఎంచుకుని (మాస్క్ వేసి) కాస్త కాంట్రాస్ట్ పెంచండి, మంచును అలాగే వదిలేయండి. రంగులు మరీ చప్పగా అనిపిస్తే నలుపు తెలుపు చేసి చూడండి. నీలం, మీగడ రంగుల పెట్టెలు ఫ్రేములో ఉంటే మాత్రం రంగుల్లోనే ఉంచడం నాకు నచ్చుతుంది.

రెండోది ఫోటోను తిన్నగా చేయడం. ఈ పట్టాలు నిజంగానే ఏటవాలుగా ఉంటాయి. పట్టాలను గానీ పెట్టె అంచును గానీ ఆధారంగా తీసుకుని తిప్పితే చెట్లు, స్తంభాలు ఒరిగిపోతాయి, కొండ ఎక్కుతున్న భావం మాయమవుతుంది. స్టేషన్ స్తంభం, గోడ అంచు లాంటి నిలువు గీత చూసి సరిచేయండి.

డార్జిలింగ్ వెళ్లేవాళ్లకు ఇదే పద్ధతి పనిచేస్తుంది, రెండు తేడాలతో. అక్కడ ఇంజన్ ముందుండి లాగుతుంది, చాలా చోట్ల పట్టాలు రోడ్డు పక్కనే పోతాయి. దారిలోని ఘూమ్ స్టేషన్ 2,258 మీటర్ల ఎత్తులో ఉంది, మంచు తరచుగా కమ్ముతుంది. బండి కోసం చూస్తూ వెనక వచ్చే జీపును గమనించకపోవడం అక్కడి అసలు ప్రమాదం.

12. గదికి చేరాక

తడి కెమెరాను బ్యాగులోనే మూసి ఉంచి పడుకోకండి. అలాగని చలిలోంచి రాగానే హీటర్ ఉన్న గదిలో తెరవనూ వద్దు. బ్యాగు మూసే ఉంచి అరగంట గది గాలికి అలవాటు పడనివ్వండి. తర్వాత బ్యాటరీ, కార్డు తీసేసి, బయటంతా నూలు తువ్వాలుతో తుడిచి, మూతలన్నీ తెరిచి ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి పెట్టవద్దు. హుడ్ విప్పి దాని గాడిలో ఉన్న నీళ్లు కూడా తుడవండి. ఊరికి వచ్చాక కెమెరాను, లెన్సులను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో రెండు మూడు రోజులు ఉంచి, లెన్స్ లోపల టార్చి వేసి చూడండి. సన్నటి సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు. వెంటనే సర్వీసుకు ఇవ్వండి, ఆ లెన్స్‌ను మిగతావాటితో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి.